బీటైన్ పొడి: ఒంట్లో జరిగే పని వేరు, డబ్బా మీది మాట వేరు

వ్యాయామానికి ముందు నీళ్లలో కలుపుకొని తాగే పొడుల్లో కెఫీన్, క్రియేటిన్‌ల పక్కన బీటైన్ పేరు ఇప్పుడు మామూలుగా కనిపిస్తోంది. బలం పెంచుతుందని, కొవ్వు తగ్గించి కండ పెంచుతుందని, ఎండలో ఒంట్లోని నీటిని నిలుపుతుందని, గుండెకూ కాలేయానికీ మేలు చేస్తుందని దాని గురించి చెబుతారు. వీటిలో పూర్తిగా కల్పించిన మాట ఒక్కటీ లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. ప్రతి మాట వెనుకా నిజంగా జరిగే జీవరసాయన చర్య ఒకటి ఉంది. ఆ చర్య ఒంట్లో జరుగుతుందన్నది ఒక సంగతి. పొడి తాగితే అది మరింతగా జరిగి మనిషి మరింత బరువు ఎత్తగలడన్నది ఇంకో సంగతి. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో తేల్చడానికే ప్రయోగాలు చేస్తారు. బీటైన్ మీద చేసిన ప్రయోగాల్లో ప్రకటనల్లోని ఉత్సాహం కనిపించదు.

నిర్మాణం చూస్తే ఇది చాలా సాదా పదార్థం. అమైనో ఆమ్లాలన్నింటిలో చిన్నదైన గ్లైసిన్‌లోని నత్రజనికి మూడు మిథైల్ సమూహాలు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల చిన్న గుంపులు) తగిలిస్తే బీటైన్ అవుతుంది. అందుకే దీన్ని ట్రైమిథైల్‌గ్లైసిన్ అని కూడా అంటారు. సప్లిమెంట్ డబ్బాల మీద టీఎంజీ అని ఉండేది ఇదే. 19వ శతాబ్దంలో దీన్ని మొదట చక్కెర దుంపల్లో గుర్తించారు, ఇప్పటికీ చక్కెర తీయగా మిగిలిన మడ్డి దీనికి ముఖ్యమైన ముడిసరుకు. ఆహారంలో అన్నింటికంటే ఎక్కువగా ఉండేది గోధుమ తవుడులో: 100 గ్రాములకు ఒక గ్రాముకు పైనే. పాలకూరలో సుమారు 600 మిల్లీగ్రాములు ఉంటుంది. బీట్‌రూట్‌లో, రొయ్యలు, ఆల్చిప్పల వంటి సముద్ర జీవుల్లో కూడా చెప్పుకోదగ్గ మోతాదులోనే ఉంటుంది. నీటిలో తేలిగ్గా కరుగుతుంది కనుక ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే అందులో చాలా భాగం ఆ నీళ్లతోనే పోతుంది.

తినకపోయినా లోటు రాదు. కోలిన్ అనే పోషకాన్ని కాలేయం, మూత్రపిండాలు రెండు అంచెల్లో ఆక్సీకరించి బీటైన్‌గా మారుస్తాయి. అందుకే విటమిన్లకు ఉన్నట్లు దీనికి రోజువారీ అవసరమంటూ ఏ సంస్థా ఒక అంకె నిర్ణయించలేదు. బీటైన్ లోపం వల్ల వచ్చే జబ్బు అని వైద్యంలో వేరే ఒకటి లేదు. సప్లిమెంట్ల మీద ఏ చర్చకైనా ఇది మొదటి ప్రశ్న కావాలి: ఒంటికి ఇది నిజంగా తక్కువైందా? ఇనుము తక్కువైన వారికి ఇనుము ఇస్తే కనిపించే మార్పు, సరిపడా ఉన్నవారికి ఇస్తే కనిపించదు. మామూలుగా తిని తిరిగే మనిషికి బీటైన్ తక్కువ పడటం అరుదు.

రెండు పనులు

శరీరంలో బీటైన్ చేసే పనులు ప్రధానంగా రెండు. మొదటిది కణాలకు ఒత్తిడి తట్టుకునే శక్తి ఇవ్వడం. మూత్రపిండం లోపలి భాగంలో లవణం, యూరియా వంటి కరిగిన పదార్థాల మొత్తం గాఢత రక్తంలో ఉన్నదానికి నాలుగైదు రెట్లు ఉండవచ్చు. అంత ఉప్పగా ఉన్న చోట మామూలు కణం నీళ్లు కోల్పోయి ముడుచుకుపోవాలి, యూరియా ధాటికి దాని ప్రొటీన్లు రూపం చెడిపోవాలి. అలా జరగకపోవడానికి ఒక కారణం బీటైన్. అక్కడి కణాలు ప్రత్యేకమైన రవాణా ప్రొటీన్ సాయంతో దాన్ని లోపలికి లాక్కొని నిల్వ చేసుకుంటాయి. బీటైన్ అణువులో ధనావేశం, రుణావేశం రెండూ ఉండి సరితూగుతాయి. ఎంత పేరుకున్నా ఎంజైముల పనికి అడ్డు రాదు, కణంలో నీళ్లు మాత్రం నిలుపుతుంది. చవిటి నేలలో, వానలు లేని రోజుల్లో పాలకూర, చక్కెర దుంప వంటి మొక్కలు కూడా ఇదే ఉపాయంతో బతుకుతాయి. ఉప్పు నీటిలో బతికే ఆల్చిప్పలదీ ఇదే దారి.

ఎండలో పరిగెత్తే క్రీడాకారుడికి బీటైన్ మేలు చేస్తుందన్న వాదన ఇక్కడి నుంచే పుట్టింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కండరం ఉన్న పరిస్థితి మూత్రపిండం లోపలి పరిస్థితి కాదు. రక్తంలో కరిగిన పదార్థాల గాఢతను శరీరం ఎప్పుడూ చాలా ఇరుకైన హద్దుల్లోనే ఉంచుతుంది. బాగా చెమట పట్టినా అది కొద్ది శాతానికి మించి మారదు. నాలుగైదు రెట్ల తేడాను తట్టుకోవడానికి పనికొచ్చే పదార్థం, కొద్ది శాతం తేడా దగ్గర కూడా అంతే పని చేస్తుందని ముందే అనుకోవడానికి ఆధారం లేదు. 2008లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఒంట్లో నీరు తగ్గిన పరుగువీరులకు బీటైన్ కలిపిన పానీయం ఇచ్చి, వేడిలో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, చివర్లో అలసిపోయే దాకా వేగంగా పరిగెత్తమన్నారు. కొందరు మరికాసేపు పరిగెత్తినట్లు కనిపించింది గానీ ఆ తేడా గణాంకాల పరీక్షకు నిలబడలేదు.

రెండో పని మిథైల్ సమూహాన్ని దానం చేయడం. మాంసకృత్తుల్లోని మిథియొనీన్ అనే అమైనో ఆమ్లం శరీరంలో అనేక చర్యలకు మిథైల్ సమూహాలను అందించి, చివరికి హోమోసిస్టీన్‌గా మిగులుతుంది. దాన్ని మళ్లీ మిథియొనీన్‌గా మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఫోలేట్ అనే బి విటమిన్, విటమిన్ బి12లతో నడుస్తుంది, దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది. రెండోది బీటైన్‌తో నడుస్తుంది, మనుషుల్లో ప్రధానంగా కాలేయంలో, మూత్రపిండాల్లో మాత్రమే ఉంటుంది. బీటైన్ తన మూడు మిథైల్ సమూహాల్లో ఒకదాన్ని హోమోసిస్టీన్‌కు ఇచ్చి డైమిథైల్‌గ్లైసిన్ అవుతుంది. ఈ రెండో దారికి అవసరమైన ఎంజైమ్ కండరాల్లో లేనట్టే లెక్క. కండరం గురించి చెప్పే మాటలన్నీ వినేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

మందుగా దాని అసలు స్థానం

బీటైన్ తిరుగులేని మందుగా రుజువైన చోటు ఒకటుంది. హోమోసిస్టీన్యూరియా అనే అరుదైన జన్యు వ్యాధిలో హోమోసిస్టీన్‌ను వదిలించుకునే ఎంజైములు పుట్టుకతోనే పని చేయవు. రక్తంలో దాని స్థాయి విపరీతంగా పెరిగి కంటి కటకం తొలగిపోవడం, ఎముకలు బలహీనపడటం, చిన్న వయసులోనే రక్తనాళాల్లో గడ్డలు కట్టడం, కొందరిలో బుద్ధి మాంద్యం వంటివి వస్తాయి. అటువంటి వారికి బీటైన్ రెండో దారిని పూర్తిగా తెరిచి హోమోసిస్టీన్‌ను కిందికి దించుతుంది. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1996లోనే దీన్ని ఈ వ్యాధికి మందుగా అనుమతించింది. పెద్దవారికి మామూలు మోతాదు రోజుకు 6 గ్రాములు, రెండు విడతలుగా. అక్కడ కూడా దీన్ని నిర్లక్ష్యంగా వాడరు. ఈ వ్యాధిలో ఒక రకం ఉన్నవారిలో మిథియొనీన్ మరీ పెరిగి మెదడు వాచిన సందర్భాలు నమోదయ్యాయి కనుక రక్త పరీక్షలు చేస్తూనే మందు కొనసాగిస్తారు.

ఆ వ్యాధి లేనివారిలోనూ హోమోసిస్టీన్ తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో ఆరోగ్యవంతుల మీద జరిగిన ప్రయోగంలో రోజుకు 1.5, 3, 6 గ్రాముల చొప్పున ఆరు వారాలు ఇస్తే పరగడుపు హోమోసిస్టీన్ వరుసగా 12, 15, 20 శాతం తగ్గింది. మోతాదు పెంచిన కొద్దీ ఫలితం పెరిగిందంటే ప్రభావం నిజమైనదే. ఈ ఆధారంతోనే ఐరోపా సమాఖ్య 2012 నాటి నిబంధనల్లో, రోజుకు కనీసం 1.5 గ్రాముల బీటైన్ అందించే ఉత్పత్తులు హోమోసిస్టీన్ జీవక్రియ సాధారణంగా సాగడానికి తోడ్పడతాయని రాసుకోవచ్చని ఒప్పుకుంది. అయితే ఆ అనుమతికి ఒక షరతు ఉంది: రోజుకు 4 గ్రాములు మించితే రక్తంలో కొలెస్ట్రాల్ గణనీయంగా పెరగవచ్చని కొనేవారికి తెలపాలి.

గుండెకు మేలు అని ప్రచారం చేసే పదార్థం గురించి ఆ వాక్యం తప్పనిసరి కావడం గమనించదగ్గది. బీటైన్ ఇచ్చిన పలు ప్రయోగాల్లో, ముఖ్యంగా రోజుకు 6 గ్రాముల దగ్గర, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ పెరిగింది. కాలేయంలో పేరుకున్న కొవ్వును రక్తంలోకి పంపే రేణువుల తయారీకి బీటైన్ సాయపడటం దీనికి కారణమని ఒక వివరణ. అదే నిజమైతే, కాలేయానికి మేలన్న మాట, రక్తనాళాలకు చేటన్న మాట ఒకే చర్యకు రెండు ముఖాలవుతాయి.

ఇంతకీ హోమోసిస్టీన్ తగ్గితే గుండెపోటు తగ్గుతుందా? 1969లో కిల్మర్ మెక్‌కల్లీ అనే అమెరికన్ వైద్యుడు హోమోసిస్టీన్ రక్తనాళాలను దెబ్బతీస్తుందని ప్రతిపాదించాక, ఆ స్థాయి ఎక్కువ ఉన్నవారిలో గుండె జబ్బులు ఎక్కువని ఎన్నో పరిశీలనలు చూపాయి. తర్వాత ఫోలేట్, బి విటమిన్లు ఇచ్చి హోమోసిస్టీన్ తగ్గించి చూసిన పెద్ద ప్రయోగాలు వచ్చాయి. 2006లో వెలువడిన రెండు పెద్ద ప్రయోగాల్లో హోమోసిస్టీన్ చక్కగా తగ్గింది. గుండె జబ్బుతో మరణించేవారి సంఖ్య తగ్గలేదు. అవి బీటైన్‌తో చేసినవి కావు, నిజమే. కానీ ‘హోమోసిస్టీన్‌ను తగ్గిస్తుంది, కాబట్టి గుండెను కాపాడుతుంది’ అనే తర్కంలో ‘కాబట్టి’ని అవి బాగా బలహీనపరిచాయి. ఒక చేత్తో సందేహాస్పదమైన ప్రమాద సూచికను దించుతూ, రెండో చేత్తో ప్రమాదకరమని రుజువైన ఎల్‌డీఎల్‌ను పెంచడం గుండె పేరు చెప్పి చేయాల్సిన పని కాదు.

జిమ్‌లో ఏం తేలింది

క్రీడా ప్రయోగాల్లో వాడిన మోతాదు చాలావరకు ఒకటే, రోజుకు 2.5 గ్రాములు, సాధారణంగా రెండు విడతలుగా. ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో చురుకైన కళాశాల విద్యార్థులకు రెండు వారాలు ఇచ్చారు. స్క్వాట్‌లో, అంటే భుజాల మీద బరువుతో కూర్చుని లేవడంలో, అలసిపోయే దాకా చేయగలిగిన సంఖ్య పెరిగింది. పడుకొని ఛాతీ మీది నుంచి బరువును పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లో తేడా లేదు, ఎగిరే శక్తిలోనూ లేదు. మరుసటి ఏడాది మరో బృందం బరువులు ఎత్తే అలవాటున్న పురుషులకు అదే మోతాదు, దాదాపు అంతే కాలం ఇచ్చింది. ఈసారి ఎగిరే శక్తి పెరిగింది, బెంచ్ ప్రెస్ కదలికలో బలం పెరిగింది; స్క్వాట్ సంఖ్య పెరగలేదు.

రెండింటినీ పక్కపక్కన పెడితే విచిత్రంగా ఉంటుంది. మొదటి దానిలో పెరిగింది రెండో దానిలో పెరగలేదు, మొదటి దానిలో కదలనిది రెండో దానిలో కదిలింది. ప్రచారంలో మాత్రం రెండూ ‘బీటైన్ పనిచేసింది’ అనే ఖాతాలోనే పడతాయి. పది పన్నెండు మంది మీద చేసే ప్రయోగంలో ఎన్నో కొలతలు తీసుకుంటే యాదృచ్ఛికంగానైనా ఒకటో రెండో మెరుగ్గా కనిపిస్తాయి. నిజమైన ప్రభావం ఉంటే మళ్లీ చేసినప్పుడు అదే కొలతలో అది కనిపించాలి. బలం, శక్తి విషయంలో బీటైన్‌కు ఆ నిలకడ లేదు. ఈ అధ్యయనాల్లో పలు వాటికి బీటైన్ తయారీదారుల నుంచే సొమ్మో సరుకో అందింది. అంతమాత్రాన అవి అబద్ధమని కాదు, కానీ చిన్న ప్రయోగాలకు ఇది తోడైనప్పుడు చదివేవారు మరికాస్త జాగ్రత్తగా చదవాలి.

బీటైన్‌కు క్రీడా రంగంలో చోటిచ్చిన అసలు ఊహ, కండరానికి వెంటనే శక్తి అందడానికి తోడ్పడే క్రియేటిన్ చుట్టూ తిరుగుతుంది. క్రియేటిన్ తయారీలో చివరి మెట్టు మిథైల్ సమూహాన్ని అతికించడం. శరీరంలో ఖర్చయ్యే మిథైల్ సమూహాల్లో పెద్ద వాటా దానికే పోతుంది. కనుక బీటైన్ ఇస్తే క్రియేటిన్ పెరుగుతుందని, కండరానికి శక్తి వస్తుందని లెక్క. ఇది కొత్త ఆలోచన కాదు. 1950ల తొలినాళ్లలోనే కాలిఫోర్నియాలో హెన్రీ బోర్సూక్, మేరీ బోర్సూక్ బీటైన్‌ను, క్రియేటిన్‌కు ముందు రూపమైన గ్లైకోసయమైన్‌తో కలిపి గుండె రోగులకు ఇచ్చి మేలు కనిపించిందని రాశారు. ఇక్కడ మరిచిపోకూడనిది ఏమిటంటే వారు ఇచ్చింది రెండు పదార్థాలను కలిపి. క్రియేటిన్ ఎంత తయారవ్వాలన్నది ప్రధానంగా మొదటి మెట్టు దగ్గరే, అంటే ఆ ముందు రూపం ఎంత తయారైందన్న దాన్ని బట్టి తేలుతుంది. సరిపడా క్రియేటిన్ ఉంటే శరీరం ఆ మెట్టునే తగ్గించివేస్తుంది. చివరి మెట్టుకు కావలసిన మిథైల్ సమూహాలను ఎంత గుమ్మరించినా, మొదటి మెట్టు కదలనప్పుడు ఉత్పత్తి పెరగదు.

ఈ ఊహను నేరుగా పరీక్షించిన ప్రయోగం 2012లో బ్రెజిల్ నుంచి వచ్చింది. ఒక బృందానికి రోజుకు 2 గ్రాముల బీటైన్, ఒకదానికి క్రియేటిన్, ఒకదానికి రెండూ, ఒకదానికి ఉత్తుత్తి పొడి ఇచ్చి, కండరంలో క్రియేటిన్ నిల్వ ఉండే రూపమైన ఫాస్ఫోక్రియేటిన్‌ను అయస్కాంత అనునాద పద్ధతిలో కొలిచారు. క్రియేటిన్ తీసుకున్నవారిలో అది పెరిగింది. బీటైన్ ఒక్కటే తీసుకున్నవారిలో పెరగలేదు, బలంలోనూ మార్పు లేదు. క్రియేటిన్‌తో కలిపి ఇచ్చినా అదనంగా ఒరిగింది లేదు. ఇరవై ఏళ్లకు పైగా పరీక్షల్లో నెగ్గి, ఇంకా సులభంగా దొరికే క్రియేటిన్ ఉండగా, దాన్ని పెంచుతుందన్న ఆశతో బీటైన్ కొనడంలో అర్థం కనిపించదు.

కొవ్వు, కండల సంగతి కొంచెం వేరు. ఈ ఆశ పశుపోషణ నుంచి వచ్చింది. పందుల, కోళ్ల దాణాలో బీటైన్ కలిపితే మాంసంలో కొవ్వు తగ్గుతుందని కొన్ని పరిశోధనలు చూపాయి, అందుకే దాణా పరిశ్రమలో దానికి పెద్ద గిరాకీ ఉంది. మనుషుల్లో 2013లో ప్రచురితమైన ఆరు వారాల ప్రయోగంలో, అనుభవమున్న బరువుల క్రీడాకారులు 2.5 గ్రాములు తీసుకుంటే శరీరంలో కొవ్వు తగ్గి కండ పెరిగింది. కానీ ఒక్కసారికి ఎత్తగలిగే గరిష్ఠ బరువు ఉత్తుత్తి పొడి తీసుకున్నవారి కంటే పెరగలేదు. 2018లో కళాశాల యువతులపై ఎనిమిది వారాలు చేసిన ప్రయోగంలోనూ కొవ్వు కాస్త ఎక్కువగా తగ్గింది, బలంలో తేడా రాలేదు. క్రీడల వైపు బీటైన్‌కు ఉన్న ఆధారాల్లో ఇదే కొంచెం గట్టిది. అయితే ఆహారం తగ్గించి బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్న ఊబకాయులకు అంతకంటే ఎక్కువగా, రోజుకు 6 గ్రాములు, 12 వారాలు ఇస్తే బరువులోగానీ కొవ్వులోగానీ తేడా రాలేదు, పైగా కొలెస్ట్రాల్ పెరిగింది. కాబట్టి ఇది కొవ్వు కరిగించే మందు కాదు. కఠినంగా బరువులు ఎత్తేవారిలో సాధనకు తోడుగా కొద్దిపాటి ఫలితం ఉండవచ్చు, అంతవరకే.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణుల బృందం 2018లో సప్లిమెంట్లపై ప్రకటన వెలువరించినప్పుడు, ప్రదర్శన మెరుగుపరచడంలో మంచి ఆధారాలున్నవంటూ ఐదింటిని పేర్కొంది: కెఫీన్, క్రియేటిన్, నైట్రేట్, బీటా అలనైన్, సోడియం బైకార్బొనేట్. అందులో బీటైన్ లేదు. ఈ జాబితాలోని నైట్రేట్‌తోనే మరో పొరపాటు ముడిపడి ఉంది. బీట్‌రూట్ రసం తాగి పరిగెత్తేవారికి కనిపించే మేలు అందులోని నైట్రేట్, రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌గా మారడం వల్ల వస్తుంది. బీట్‌రూట్‌లో ఉంది కనుక బీటైన్‌కూ ఆ పేరు అంటగట్టే ప్రకటనలు చాలానే ఉన్నాయి. నైట్రేట్ తీసేసిన బీట్‌రూట్ రసం తాగించి చూసిన ప్రయోగాల్లో ఆ మేలు మాయమైంది. బీటైన్ మాత్రం అందులో అలాగే ఉంది. నిషిద్ధ పదార్థాల జాబితాలోనూ బీటైన్ లేదు కనుక పోటీల్లో పాల్గొనేవారికి ఆ చిక్కు లేదు, కలిపిన మిశ్రమాల్లో ఇంకేం ఉన్నాయన్నది వేరే ప్రశ్న.

కాలేయం గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మద్యం పట్టించిన ఎలుకల్లో బీటైన్ కాలేయంలో కొవ్వు పేరుకోవడాన్ని స్పష్టంగా తగ్గించింది. మద్యంతో సంబంధం లేని కొవ్వు కాలేయ వ్యాధి ఉన్న మనుషులకు ఏడాది పాటు రోజుకు 20 గ్రాముల భారీ మోతాదు ఇచ్చి చూసిన ప్రయోగంలో, వ్యాధి ముదరకుండా కొంత ఆపిందేమో అనిపించింది గానీ ఉన్న వ్యాధిని తగ్గించినట్టు తేలలేదు.

వాడాలనుకునేవారు చూడవలసినవి

డబ్బా మీద బీటైన్ హైడ్రోక్లోరైడ్ అని ఉంటే అది వేరే ఉద్దేశంతో అమ్మేది. కడుపులో ఆమ్లం తక్కువైందని భావించేవారి కోసం దాన్ని తయారు చేస్తారు. పుండ్లు ఉన్నవారికి, నొప్పి మాత్రలు తరచుగా వేసుకునేవారికి అది హాని చేయగలదు. ప్రయోగాల్లో వాడింది నిర్జల బీటైన్ (బీటైన్ అన్‌హైడ్రస్). షాంపూల్లో నురగ కోసం కలిపే బీటైన్ పేరుగల రసాయనాలు ఈ కుటుంబానికి చెందినవే గానీ తినేవి కావు.

రోజుకు 2.5 గ్రాముల దగ్గర ఆరోగ్యవంతులకు సాధారణంగా వచ్చే ఇబ్బందులు వికారం, కడుపు ఉబ్బరం, విరేచనాల వంటివే. మోతాదు పెరిగితే కొందరికి చెమటలో చేపల వాసన వస్తుంది. క్రీడా ప్రయోగాలు చాలావరకు రెండు నుంచి ఎనిమిది వారాల్లో ముగిసినవి; ఏళ్ల తరబడి వాడుకకు వాటిని హామీగా తీసుకోకూడదు. కొలెస్ట్రాల్ ఇప్పటికే ఎక్కువగా ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకపోవడం మంచిది. ప్రయత్నించి చూడాలనుకున్న ఆరోగ్యవంతుడు ముందు ఒకసారి, రెండు నెలల తర్వాత ఒకసారి లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకుంటే తన ఒంట్లో ఏం జరుగుతోందో ప్రకటనల కంటే స్పష్టంగా తెలుస్తుంది.

రక్త పరీక్షలో హోమోసిస్టీన్ ఎక్కువ వచ్చిందని నేరుగా బీటైన్ డబ్బా తెచ్చుకునేవారి విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. ఆ అంకె పెరగడానికి అతి సాధారణ కారణాల్లో విటమిన్ బి12, ఫోలేట్ లోపాలు ఉన్నాయి. మాంసం, గుడ్లు, పాలు ఏవీ తీసుకోనివారిలో, పేగులు విటమిన్‌ను సరిగా పీల్చుకోని వృద్ధుల్లో బి12 లోపం తరచుగా ఉంటుంది. బీటైన్ తన సొంత దారిలో హోమోసిస్టీన్‌ను కొంత దించుతుంది, నివేదికలో అంకె మెరుగవుతుంది. బి12 మాత్రం అలాగే తక్కువగా ఉంటుంది, దాని మీద ఆధారపడిన నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. కాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాక సరిదిద్దితే ఆ నష్టం కొందరిలో పూర్తిగా పూడదు. కనుక హోమోసిస్టీన్ ఎక్కువ అని తేలినప్పుడు ముందు చేయించుకోవలసింది బి12, ఫోలేట్ పరీక్షలు, వాటితో పాటు మూత్రపిండాల, థైరాయిడ్ పనితీరు పరీక్షలు. బీటైన్ ప్రస్తావన వస్తే ఆ ఫలితాలు చేతికి వచ్చాకే.